వరి సాగు పద్ధతులు – ఉత్పాదకత కొలమానాలు: కొలత మారితే సిఫారసు మారే తీరు

సారాంశం

వరిలో చేతి నాట్లు, యంత్రపు నాట్లు, డ్రమ్ సీడర్‌తో విత్తడం వంటి పద్ధతులను పోల్చేటప్పుడు హెక్టారు దిగుబడిని మాత్రమే ప్రమాణంగా తీసుకోవడం పరిపాటి. భూమి, కాలం, శ్రమ, నీరు, పెట్టుబడి అనే అయిదు వనరులలో దేనితో భాగించి చూస్తే దానికి తగినట్లుగా పద్ధతుల వరుస మారుతుంది. ఏ రైతుకు ఏ వనరు కొరతగా ఉన్నదో తెలుసుకొని, ఆ వనరుకు సంబంధించిన ఉత్పాదకతను ముందుగా చూడాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే సూత్రం. పద్ధతుల మధ్య ఉండే తేడా కొన్ని సందర్భాలలో కొలతలో దొర్లే దోషానికి సమానంగా ఉంటుందనీ, కొలతలో జాగ్రత్త కూడా సిఫారసులో భాగమేననీ ఇందులో లెక్కలతో వివరించడమైనది.

ఉపోద్ఘాతం

ఉత్పత్తి అంటే తయారైన సరుకు మొత్తం. ఉత్పాదకత అంటే ఆ సరుకు కోసం వాడిన వనరులో ఒక్కొక్క యూనిట్‌కు లభించిన ఉత్పత్తి. మొదటిది పరిమాణం, రెండవది నిష్పత్తి. 1776లో ఆడమ్ స్మిత్ వర్ణించిన గుండుసూదుల కర్మాగారంలో పదిమంది పనివారు పనిని దశలుగా పంచుకొని రోజుకు 48,000 సూదులు, అంటే తలకు 4,800 సూదులు తయారుచేశారు. 1913లో ఫోర్డ్ కర్మాగారంలో కదిలే కూర్పు వరుసను ప్రవేశపెట్టిన తరువాత ఒక కారు చట్రం కూర్పుకు పట్టే సమయం 12 గంటలకు పైబడిన స్థాయి నుండి సుమారు గంటన్నరకు తగ్గింది. ఈ రెండు ఉదాహరణలలోను ఉత్పత్తి పద్ధతి మారింది, ఆ మార్పును శ్రమ ఉత్పాదకతతో కొలిచారు.

కర్మాగారంలో ఆ కొలత సరిపోవడానికి కారణం ఉన్నది. అక్కడ పని వేగాన్ని యజమాని నిర్ణయిస్తాడు. ముడి సరుకు ఒకే నాణ్యతతో వస్తుంది. ఈ రోజు ఆగిన పనిని రేపు కొనసాగించవచ్చు. వ్యవసాయంలో వేగాన్ని పంట నిర్ణయిస్తుంది. నేల, నీరు, వాతావరణం మడి మడికీ మారుతాయి. జూలైలో తప్పిన నాటును నవంబరులో వేసి సరిదిద్దుకోలేము. అందుచేత వ్యవసాయాన్ని ఒక వ్యాపార సంస్థగా భావించి లెక్క వేసేటప్పుడు ఒక్క కొలమానంతో తృప్తి పడడం తగదు.

తెలుగు రాష్ట్రాలలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న ప్రశ్న "ఎకరాకు ఎన్ని బస్తాలు?" అన్నది. భూమి మాత్రమే కొరతగా ఉండి, నీరు, కూలీలు సమృద్ధిగా దొరికిన కాలంలో అది సరైన ప్రశ్నే. నాట్ల సమయంలో కూలీలు దొరకక, కాలువ నీరు ఆలస్యంగా వచ్చి, సాగుచేసే వారిలో కౌలుదారులు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు రైతును తప్పుదారి పట్టించే అవకాశం ఉన్నది.

పోల్చదగిన మూడు పద్ధతులు

మొదటిది చేతి నాట్లు. 25 రోజుల వయసు నారును దమ్ము చేసిన పొలంలో కూలీలతో నాటించడం. నారుమడి, నారు పీకడం, మోత, నాటడం అనే పనులకు మనుషులు అధికంగా కావాలి. నిలబెట్టిన నీరు కలుపును అణచివేస్తుంది. నాటే నాటికి వరి మొక్క కలుపు కంటే 25 రోజులు పెద్దది కావడం ఈ పద్ధతికి ఉన్న ప్రధాన బలం.

రెండవది యంత్రపు నాట్లు. ట్రేలలో గాని, పాలిథీన్ పట్టాలపై గాని చాపవలె పెంచిన 14 నుండి 18 రోజుల నారును యంత్రంతో నాటడం. పొలం చదునుగా ఉండి, దమ్ము చేసిన తరువాత మట్టి తగినంతగా పేరుకోవాలి. లేనిచో మొక్కలు మునిగిపోవడం గాని, తేలిపోవడం గాని జరుగుతుంది.

మూడవది డ్రమ్ సీడర్ పద్ధతి. మండె కట్టిన విత్తనాన్ని దమ్ము చేసి నీరు తీసివేసిన పొలంలో వరుసలలో విత్తడం. నారుమడి ఖర్చు, నాటు ఖర్చు ఉండవు. నారు పీకినప్పుడు వేళ్లు తెగి మొక్క కోలుకోవడానికి పట్టే వ్యవధి ఉండదు కనుక పంట 7 నుండి 10 రోజులు ముందుగా కోతకు వస్తుంది. అయితే వరి, ఊద వంటి కలుపు ఒకేసారి మొలకెత్తుతాయి. తొలి నెలలో కలుపును అదుపు చేయలేకపోతే ఈ పద్ధతిలోని లాభం నిలువదు.

ఒక ఉదాహరణ

కొలమానాల తీరును వివరించడానికి ఒక హెక్టారు కమతానికి సంబంధించిన ఊహాత్మక అంకెలను కింద తీసుకోవడమైనది. ఇవి ప్రయోగ ఫలితాలు కావు, లెక్కింపు విధానాన్ని నేర్పడానికి ఎంచుకొన్నవి. మూడు పద్ధతులలోను రకం, ఎరువులు ఒకటే అనుకోవాలి. ధాన్యం ధర 2024–25లో సాధారణ రకానికి ప్రకటించిన కనీస మద్దతు ధర, అంటే క్వింటాలుకు 2,300 రూపాయలు. ఖర్చులో కుటుంబ శ్రమ విలువ చేరి ఉన్నది. భూమి కౌలు, పెట్టుబడిపై వడ్డీ చేరలేదు.

| అంశం (హెక్టారుకు) | చేతి నాట్లు | యంత్రపు నాట్లు | డ్రమ్ సీడర్ |
|---|---|---|---|
| దిగుబడి, 14 శాతం తేమ వద్ద (కిలోలు) | 6,200 | 6,100 | 5,700 |
| విత్తు నుండి కోత వరకు (రోజులు) | 145 | 140 | 137 |
| ప్రధాన పొలంలో (రోజులు) | 120 | 124 | 137 |
| శ్రమ (8 గంటల పనిదినాలు) | 100 | 65 | 70 |
| నీరు (ఘనపు మీటర్లు) | 13,500 | 12,800 | 11,500 |
| ఖర్చు (రూపాయలు) | 74,000 | 68,000 | 60,000 |
| స్థూల ఆదాయం (రూపాయలు) | 1,42,600 | 1,40,300 | 1,31,100 |
| నికర ఆదాయం (రూపాయలు) | 68,600 | 72,300 | 71,100 |

ఈ అంకెల నుండి వచ్చే ఉత్పాదకతలు ఇవి:

| కొలమానం | చేతి నాట్లు | యంత్రపు నాట్లు | డ్రమ్ సీడర్ |
|---|---|---|---|
| రోజుకు, విత్తు నుండి కోత వరకు (కిలోలు) | 42.8 | 43.6 | 41.6 |
| రోజుకు, ప్రధాన పొలంలో (కిలోలు) | 51.7 | 49.2 | 41.6 |
| పనిదినానికి (కిలోలు) | 62.0 | 93.8 | 81.4 |
| ఘనపు మీటరు నీటికి (కిలోలు) | 0.46 | 0.48 | 0.50 |
| రూపాయి ఖర్చుకు ఆదాయం (రూపాయలు) | 1.93 | 2.06 | 2.19 |

హెక్టారు దిగుబడిలో చేతి నాట్లు ముందున్నాయి. శ్రమ ఉత్పాదకతలోను, నికర ఆదాయంలోను యంత్రపు నాట్లు ముందున్నాయి. నీటిలోను, రూపాయి రాబడిలోను డ్రమ్ సీడర్ ముందున్నది. పొలం ఒకటే, పంట ఒకటే అయినప్పటికీ అడిగే ప్రశ్నను బట్టి మూడు పద్ధతులకూ ప్రథమ స్థానం దక్కుతున్నది.

భూమి, కాలం

రోజువారీ ఉత్పాదకత రకాల ఎంపికలో బాగా ఉపకరిస్తుంది. సుమారు 150 రోజుల సాంబ మసూరి (బి.పి.టి. 5204) హెక్టారుకు 6,000 కిలోలు ఇచ్చినదనీ, 120 రోజుల కాటన్‌దొర సన్నాలు (ఎం.టి.యు. 1010) 5,400 కిలోలు ఇచ్చినదనీ అనుకొంటే, మొదటి దానికి రోజుకు 40 కిలోలు, రెండవ దానికి 45 కిలోలు వస్తాయి. మిగిలిన 30 రోజులు తరువాతి పంటకు చెందుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు ముందు మాగాణిలో చల్లే మినుము, పెసర పైర్లకు నేలలోని తేమే ఆధారం. వరి ఆలస్యమైన కొద్దీ ఆ తేమ తరిగి, పైరు వేడికి గురవుతుంది. వరి దిగుబడిని మాత్రమే కొలిచే లెక్కలో ఈ నష్టం కనిపించదు. అందుకే వరుస పంటల ప్రాంతాలలో అపరాల దిగుబడిని ధరల ఆధారంగా వరి సమాన దిగుబడిగా మార్చి, సంవత్సరం మొత్తానికి కలిపి చూడవలసి ఉంటుంది.

అయితే రోజులను ఎక్కడ నుండి లెక్కించాలి అన్నది ముఖ్యమైన విషయం. పై పట్టికలో ప్రధాన పొలం రోజులతో భాగించినప్పుడు చేతి నాట్లకు 51.7 కిలోలు, డ్రమ్ సీడర్‌కు 41.6 కిలోలు వచ్చాయి. విత్తు నుండి కోత వరకు లెక్కించగానే ఆ పది కిలోల వ్యత్యాసం 1.2 కిలోలకు కుదించుకుపోయింది. రెండు లెక్కలూ తప్పు కావు. బోరు కింద నారు ముందుగా పెంచుకొని, కాలువ నీరు రాగానే నాటే రైతుకు ప్రధాన పొలం రోజులే ముఖ్యం. నారుమడికి సైతం కాలువ నీటికై ఎదురుచూసే రైతుకు విత్తు నుండి కోత వరకు పట్టే మొత్తం కాలమే ముఖ్యం. ఏ లెక్క వాడినదీ స్పష్టంగా పేర్కొనకుండా రోజువారీ ఉత్పాదకతను ప్రకటించడం మాత్రం సరికాదు.

శ్రమ

శ్రమను కొలిచేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, గుత్తకు ఇచ్చిన పని. ఎకరాకు ఇంత అని నాట్లు గుత్తకు ఇచ్చినప్పుడు రైతు పుస్తకంలో రూపాయలు ఉంటాయి గాని పనిదినాలు ఉండవు. ముఠాలో ఎందరు, ఎన్ని గంటలు పనిచేశారో పొలంలోనే నమోదు చేయాలి. రెండవది, కుటుంబ శ్రమ. గట్లు సరిచేయడం, నీరు కట్టడం, మందు చల్లడం వంటి పనులు కూలి చెల్లించనివి కనుక లెక్కకు రావు. మూడవది, పని ఎప్పుడు అవసరమైనది అన్నది. హెక్టారుకు మొత్తం 100 పనిదినాలు కావడం ఒక సమస్య అయితే, అందులో పెద్ద భాగం ఊరంతటికీ ఒకే పక్షంలో కావలసి రావడం అంతకంటే పెద్ద సమస్య. నాట్ల పక్షంలో అవసరమైన పనిదినాలను విడిగా చూపనిదే యంత్రం విలువ గాని, డ్రమ్ సీడర్ విలువ గాని తెలియదు.

ఈ కొలమానానికి మరొక పార్శ్వం ఉన్నది. యజమానికి శ్రమ ఉత్పాదకత పెరగడం అంటే కూలికి పనిదినాలు తగ్గడం. పై ఉదాహరణలో హెక్టారుకు 35 పనిదినాలు తగ్గాయి. 200 హెక్టార్ల మాగాణి ఉన్న గ్రామం మొత్తం యంత్రపు నాట్లకు మారితే ఒక పంట కాలంలో 7,000 పనిదినాలు తగ్గుతాయి. నాట్లు ప్రధానంగా మహిళల పని కనుక ఆ నష్టంలో అధిక భాగం వారి వేతనాలపై పడుతుంది. కూలీలు దొరకక ఇతర రాష్ట్రాల ముఠాలను రప్పించుకొంటున్న గ్రామంలో దీని అర్థం వేరు, నాట్ల కూలి మీదనే బ్రతికే కుటుంబాలు ఉన్న గ్రామంలో దీని అర్థం వేరు. ట్రే నారు పెంచి అమ్మడం వంటి పనులను మహిళా సంఘాలకు అప్పగించే ఏర్పాటు యంత్రంతో పాటు సిఫారసులో చేరడం సముచితం.

నీరు

నీటి విషయంలో ఖర్చుల పట్టిక ఏమీ చెప్పదు. కాలువ కింద నీటి తీరువాను విస్తీర్ణాన్ని బట్టి విధిస్తారు గాని వాడిన పరిమాణాన్ని బట్టి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004లో మొదలైనది. రైతు పుస్తకంలో సున్నా ధర ఉన్న వనరును రూపాయలలో కొలవలేము. కనుక నీటిని ఘనపు మీటర్లలోనే కొలవాలి.

దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. 200 లీటర్ల డ్రమ్ము బోరు ధారతో 25 సెకన్లలో నిండితే ప్రవాహం సెకనుకు 8 లీటర్లు, గంటకు 28.8 ఘనపు మీటర్లు. మోటారు నడిచిన గంటలను నమోదు చేస్తే సరిపోతుంది. ఈ లెక్కన పై పట్టికలోని 12,800 ఘనపు మీటర్ల నీటిని ఆ బోరు అందించడానికి సుమారు 444 గంటలు పడుతుంది. పడిన వర్షాన్ని కూడా చేర్చాలి. ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు వర్షం 10 ఘనపు మీటర్లకు సమానం. నీటి అంకె సాగునీటికే పరిమితమైనదా, వర్షంతో కలిపినదా అన్నది పట్టిక కిందనే తెలపాలి.

పొలంలో రంధ్రాల గొట్టం అమర్చి, నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మాత్రమే తిరిగి నీరు పెట్టే ఆరుతడి పద్ధతిని పై మూడు పద్ధతులలో దేనితోనైనా జోడించవచ్చు. పూత దశలో మాత్రం పొలంలో పలుచగా నీరు నిలిపి ఉంచాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మడిలో ఆదా అయిన నీరంతా ఆయకట్టులో ఆదా అయినట్లు కాదు. పై మడి నుండి ఇంకిన నీరు డెల్టాలో దిగువ మడికి మురుగు కాలువ ద్వారా చేరవచ్చు, బోరు ప్రాంతంలో భూగర్భ జలంలో కలవవచ్చు. మడి స్థాయి నీటి ఉత్పాదకత ఆ రైతు విద్యుత్తుకు, శ్రమకు సంబంధించిన నిర్ణయానికి ఉపకరిస్తుంది. ఆయకట్టు స్థాయి నిర్ణయానికి ఆయకట్టు స్థాయి కొలతలే కావాలి.

ఖర్చు, నికర ఆదాయం, సమగ్ర ఉత్పాదకత

రూపాయి రాబడిలో డ్రమ్ సీడర్ (2.19) ముందుండగా, నికర ఆదాయంలో యంత్రపు నాట్లు (72,300 రూపాయలు) ముందున్నాయి. ఈ వైరుధ్యం విద్యార్థులను తరచుగా తికమక పెడుతుంది. భూమి పరిమితంగా ఉండి పెట్టుబడికి లోటు లేని రైతు హెక్టారు నికర ఆదాయాన్ని చూడాలి. పెట్టుబడే కొరతగా ఉన్న రైతు రూపాయి రాబడిని చూడాలి. చేతి నాట్లకు, డ్రమ్ సీడర్‌కు మధ్య పెట్టుబడి తేడా 14,000 రూపాయలు. ఆ మొత్తాన్ని నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి నాలుగు నెలల పాటు తెచ్చుకొంటే వడ్డీయే 1,120 రూపాయలు అవుతుంది.

అన్ని వనరులనూ కలిపి చూసే కొలమానం సమగ్ర ఉత్పాదకత. మొత్తం ఉత్పత్తి సూచికను మొత్తం వనరుల సూచికతో భాగించగా వచ్చేది ఇది. ఒక్కొక్క వనరుకు మొత్తం ఖర్చులో ఉన్న వాటాను దాని బరువుగా తీసుకొంటారు. వనరుల పెరుగుదలతో వివరించలేని ఉత్పత్తి పెరుగుదలను సాంకేతిక ప్రగతి కొలతగా 1957లో రాబర్ట్ సోలో చూపిన తరువాత ఈ భావన విస్తృతంగా వాడుకలోకి వచ్చినది. కాలక్రమంలో ధరలు, వాటాలు మారే సందర్భాలలో టార్న్‌క్విస్ట్ సూచికను వాడుతారు. ధరలు ఒకటే అయిన పై ఉదాహరణలో లెక్క సులువు. చేతి నాట్లతో పోల్చితే డ్రమ్ సీడర్‌లో ఉత్పత్తి 0.919 రెట్లు, వనరులు 0.811 రెట్లు. భాగిస్తే 1.134. అంటే సమగ్ర ఉత్పాదకత 13.4 శాతం ఎక్కువ. ఇదే విధంగా యంత్రపు నాట్లకు 7.1 శాతం ఎక్కువ వస్తుంది.

అయితే ఈ లెక్కలో భూమి లేదు. హెక్టారుకు ఒక పంటకు 75 కిలోల బస్తాలు 30, అంటే 51,750 రూపాయలు భూమి విలువగా చేర్చితే రూపాయి రాబడి చేతి నాట్లకు 1.134, యంత్రపు నాట్లకు 1.172, డ్రమ్ సీడర్‌కు 1.173 అవుతుంది. డ్రమ్ సీడర్‌కు యంత్రంపై ఉన్న సుమారు 6 శాతం ఆధిక్యం దాదాపుగా మాయమైనది. పొలంలో ఏమీ మారలేదు, లెక్కలో ఒక పద్దు చేరింది. వ్యవసాయ వ్యయ, ధరల కమిషన్ వాడే ఏ1, ఏ2, ఏ2+ఎఫ్.ఎల్., సి2 వంటి వ్యయ భావనలను విద్యార్థులు కంఠస్థం చేయడంతో సరిపెట్టకుండా, ఏ భావనలో ఏ వనరు చేరి ఉన్నదో గమనించవలసినది ఇందుకే. ఏ1లో చేసిన ఖర్చులు, ఏ2లో వాటికి తోడు చెల్లించిన కౌలు, ఏ2+ఎఫ్.ఎల్.లో కుటుంబ శ్రమ, సి2లో సొంత భూమి అద్దె విలువ, సొంత మూలధనంపై వడ్డీ సైతం చేరుతాయి.

కౌలు రైతు లెక్క

ఈ చర్చ పుస్తకాలకు పరిమితమైనది కాదని కౌలు రైతు లెక్క చూపుతుంది. పైన చెప్పిన 30 బస్తాల కౌలును చెల్లించిన తరువాత కౌలు రైతుకు మిగిలేది చేతి నాట్లలో 16,850, యంత్రపు నాట్లలో 20,550, డ్రమ్ సీడర్‌లో 19,350 రూపాయలు. చేతి నాట్లకు, యంత్రపు నాట్లకు మధ్య ఉన్న 3,700 రూపాయల తేడా సొంత భూమి ఉన్న రైతు ఆదాయంలో 5.4 శాతం. కౌలు రైతుకు అది 22 శాతం.

తుఫాను వలన గాని, దోమపోటు వలన గాని మూడు పద్ధతులలోను దిగుబడి 15 శాతం తగ్గినదని, ఖర్చులు మారలేదని అనుకొందాము. సొంత భూమి ఉన్న రైతుకు అప్పటికీ 47,210 నుండి 51,435 రూపాయల వరకు మిగులుతుంది. కౌలు స్థిరమైనది కనుక కౌలు రైతుకు మూడింటిలోనూ నష్టమే. చేతి నాట్లలో నష్టం 4,540 రూపాయలు, యంత్రపు నాట్లలో 495 రూపాయలు, డ్రమ్ సీడర్‌లో 315 రూపాయలు. అత్యధిక దిగుబడి ఇచ్చే పద్ధతే చెడ్డ సంవత్సరంలో కౌలు రైతుకు అత్యధిక అప్పు మిగిల్చినది. హెక్టారు దిగుబడి ఆధారంగా చేసిన సిఫారసు ఈ రైతు విషయంలో ఎదురు తిరుగుతుంది.

దీని అర్థం కౌలు రైతులందరికీ డ్రమ్ సీడర్ సిఫారసు చేయాలని కాదు. డ్రమ్ సీడర్‌కు చేతి నాట్లపై ఉన్న నికర ఆధిక్యం 2,500 రూపాయలు, అంటే 109 కిలోల ధాన్యం. అది 5,700 కిలోల దిగుబడిలో 1.9 శాతం మాత్రమే. విత్తిన కొద్ది రోజులలో వేయవలసిన కలుపుమందు ఒక్కసారి తప్పినా, మడి ఎగుడు దిగుడుగా ఉండి ఒక మూల నీరు నిలిచి మొలక చచ్చినా అంతకంటే ఎక్కువ నష్టం వస్తుంది. కలుపు యాజమాన్యం, చదును, మురుగు నీరు పోయే వసతి ఉన్న చోట మాత్రమే ఆ ఆధిక్యం నిజమవుతుంది.

కొలతలో దొర్లే దోషాలు

పద్ధతుల మధ్య తేడా ఇంత స్వల్పమైనప్పుడు కొలత ఎంత నమ్మదగినదన్న ప్రశ్న వస్తుంది. మన దేశంలో యాదృచ్ఛిక నమూనా పంటకోత ప్రయోగాలకు 1940వ దశకంలో పి.సి. మహలనోబిస్, పి.వి. సుఖాత్మే పునాది వేశారు. కోత గడి చిన్నదైన కొద్దీ అంచున ఉన్న మొక్కలను లోపలికి చేర్చుకొనే మొగ్గు వలన దిగుబడి అధికంగా తేలుతుందని సుఖాత్మే చూపారు. వరికి వాడే 5 మీటర్ల × 5 మీటర్ల గడి హెక్టారులో 400వ వంతు. తూకంలో 100 గ్రాముల పొరపాటు హెక్టారుకు 40 కిలోలు అవుతుంది. 20 సెంటీమీటర్ల దూరంలో 25 వరుసలు ఉండవలసిన గడిలోకి 26వ వరుస చేరితే దిగుబడి 4 శాతం పెరిగినట్లు కనిపిస్తుంది. 6,000 కిలోలపై అది 240 కిలోలు.

తేమ ప్రభావం ఇంకా ఎక్కువ. 20 శాతం తేమతో తూచిన 6,000 కిలోల ధాన్యాన్ని 14 శాతానికి సరిచేయాలంటే 80తో హెచ్చించి 86తో భాగించాలి. వచ్చేది 5,581 కిలోలు. తేడా 419 కిలోలు. మన ఉదాహరణలో చేతి నాట్లకు, డ్రమ్ సీడర్‌కు మధ్య ఉన్న మొత్తం తేడా 500 కిలోలు మాత్రమే. ఒక మడి ధాన్యాన్ని ఉదయం మంచులోను, మరొక మడి ధాన్యాన్ని మధ్యాహ్నం ఎండలోను తూచి, తేమ సరిచేయకుండా పోల్చితే పద్ధతుల తేడాకు బదులు తేమ తేడానే ప్రచురించినట్లవుతుంది.

శ్రీ పద్ధతి అనుభవం ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. 1980వ దశకంలో మడగాస్కర్‌లో హెన్రీ ద లోలానీ రూపొందించిన ఈ పద్ధతిని 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుల పొలాలలో ప్రదర్శించినది. 8 నుండి 12 రోజుల లేత నారు, కుదురుకు ఒకే మొక్క, 25 సెంటీమీటర్ల దూరం, వీడర్‌తో కలుపు తీత, తక్కువ నీరు దీని లక్షణాలు. మడగాస్కర్‌లో నమోదైన అసాధారణ దిగుబడుల విశ్వసనీయతపై 2004లో అంతర్జాతీయ శాస్త్ర పత్రికలలో తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. వాదమంతా హెక్టారు దిగుబడి చుట్టూ తిరిగినది. రైతు ఎదుర్కొన్న ప్రశ్నలు వేరు: లేత నారును నైపుణ్యంతో నాటే మనుషులు ఉన్నారా, వీడర్‌ను నాలుగుసార్లు నడిపే ఓపిక ఎవరిది, నీటిని తనకు కావలసినప్పుడు పెట్టి తీసే వీలు ఉన్నదా? విత్తనానికి, నీటికి సంబంధించిన ఉత్పాదకతలో ఈ పద్ధతికి ఉన్న బలం, శ్రమ విషయంలో దానికి ఉన్న పరిమితి విడివిడిగా ముందుకు వచ్చి ఉంటే, ఏ రైతుకు ఇది తగినదో చెప్పడం సులభమయ్యేది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. ప్రదర్శన క్షేత్రం పెట్టడానికి ముందే ఆ రైతుకు కొరతగా ఉన్న వనరు ఏదో అడిగి నమోదు చేయాలి. సొంత భూమా, కౌలా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

2. పనిదినాలు, మోటారు గంటలు, రోజువారీ ఖర్చులు పంట కాలంలోనే రాయాలి. కోత తరువాత జ్ఞాపకం మీద రాసిన అంకెలు పోలికకు పనికిరావు.

3. ధాన్యం దిగుబడి పక్కన తేమ శాతం, కోత గడి వైశాల్యం, గడుల సంఖ్య విధిగా తెలపాలి.

4. ఫలితాల పట్టికలో హెక్టారు దిగుబడితో పాటు పనిదినానికి, ఘనపు మీటరు నీటికి, రూపాయికి వచ్చిన ఉత్పాదకతలను, హెక్టారు నికర ఆదాయాన్ని ఒకే చోట చూపాలి. ఏ ఖర్చులు చేరాయో, ఏవి చేరలేదో పట్టిక కింద రాయాలి.

5. మంచి సంవత్సరంతో పాటు దిగుబడి తగ్గిన సంవత్సరానికి కూడా లెక్క వేసి, కౌలుతో ఒకసారి, కౌలు లేకుండా ఒకసారి చూపాలి.

6. పద్ధతుల మధ్య తేడా కొలతలో వచ్చే దోషం కంటే తక్కువైనప్పుడు "తేడా లేదు" అని స్పష్టంగా చెప్పాలి. అప్పుడు ఎంపిక ఖర్చును, శ్రమను, నీటిని బట్టి జరుగుతుంది.

ముగింపు

మొక్క పెరుగుదలను అత్యంత కొరతగా ఉన్న పోషకమే నిర్ణయిస్తుందన్న లీబిగ్ కనిష్ఠ నియమం వ్యవసాయ విద్యార్థులందరికీ సుపరిచితం. ఉత్పాదకత కొలమానం ఎంపికకు ఆ ఆలోచనే దారి చూపుతుంది. రైతుకు ఏ వనరు అన్నిటికంటే కొరతగా ఉన్నదో ఆ వనరుతో ముందుగా భాగించి చూడాలి, మిగిలిన కొలమానాలతో ఆ నిర్ణయాన్ని సరిచూసుకోవాలి. కూలీలు దొరకని చోట పనిదినానికి వచ్చే ధాన్యం, బోరు ఎండుతున్న చోట ఘనపు మీటరుకు వచ్చే ధాన్యం, అప్పుతో సాగు చేసే చోట రూపాయికి వచ్చే రాబడి, కౌలు భారం ఉన్న చోట చెడ్డ సంవత్సరంలో మిగిలేది ముఖ్యమవుతాయి. ఎకరాకు ఎన్ని బస్తాలు అన్న ప్రశ్నను విడిచిపెట్టనక్కరలేదు. ఆ బస్తాలు ఎంత నీటితో, ఎందరి శ్రమతో, ఎంత అప్పుతో వచ్చాయో కూడా అడిగిన తరువాతనే సిఫారసు చేయడం శాస్త్రవేత్త బాధ్యత.